దుప్పటి వరస వరసకీ సన్నబడిపోతోంది, క్రోషే వచ్చినవాళ్ళు కాస్త చెప్పండి

కొత్త_సూది:

అందరికీ నమస్తే. మా చెల్లికి ఇంకో రెండు నెలల్లో డెలివరీ. పుట్టబోయే బిడ్డకి నా చేత్తో అల్లిన చిన్న దుప్పటి ఇవ్వాలని నా కోరిక. మిషన్ కుట్టడం వచ్చు, ఎంబ్రాయిడరీ కూడా వచ్చు, క్రోషే, అదే కొక్కెం సూదితో అల్లడం, మాత్రం ఈ మధ్యే వీడియోలు చూసి మొదలుపెట్టాను. 4 ఎంఎం అల్యూమినియం సూది, మెత్తటి అక్రిలిక్ ఊలు. అంతా డబుల్ క్రోషే అనే ఒకటే కుట్టు, వేరే డిజైన్ ఏమీ లేదు.

వీడియోలో చెప్పినట్టే 102 చైన్లు (గొలుసు కుట్లు) వేసి, సూది నుంచి నాలుగో చైన్‌లో మొదటి డబుల్ వేశాను. మొదటి వరస సరిగ్గా 100 వచ్చాయి. ఇప్పుడు పదో వరస పూర్తయింది. చూస్తే పైకి వెళ్ళేకొద్దీ గుడ్డ సన్నబడిపోయింది, లెక్కపెడితే 91 ఉన్నాయి. మధ్యలో ఎక్కడా కుట్టు వదల్లేదు, వెతికి వెతికి చూశాను, ఎక్కడా ఎడం కనబడలేదు. మరి ఆ 9 కుట్లు ఏమైనట్టు?

ఇది కాక ఇంకో మూడు ఇబ్బందులు ఉన్నాయి. మొట్టమొదటి చైన్ వరస ఎంత బిగుసుకుపోయిందంటే సూది దూర్చడానికే వేళ్ళు నొప్పి పుడుతున్నాయి, కింది అంచు లోపలికి లాగేసినట్టు వంపు తిరిగింది. రెండోది, కొన్ని వరసల్లో ఒక వైపు గీత గీసినట్టు అడ్డంగా ఉబ్బు కనిపిస్తోంది, అన్ని వరసల్లో లేదు. మూడోది, మా అత్తయ్య దగ్గర పాత దారం కంపెనీ పుస్తకం ఒకటుంది, అందులోని అంచు డిజైన్ దుప్పటి చుట్టూ వేద్దామనుకున్నాను, అక్కడ డబుల్ క్రోషే అనే రాశారు గానీ బొమ్మలో కుట్టు నా కుట్టులో సగం ఎత్తు కూడా లేదు. నా డబుల్ తప్పా, పుస్తకం తప్పా?

అల్లిందంతా విప్పాలంటే ప్రాణం ఒప్పడం లేదు. పైన కుట్లు పెంచి సరిచేసే దారి ఏమైనా ఉంటే చెప్పండి.

లెక్కల_అల్లిక:

అంకెలు రాసి మంచి పని చేశారండీ, జవాబు వాటిలోనే ఉంది. మొదటి వరస 100, పదో వరస 91. ఈ పది వరసల్లో మీరు గుడ్డని తిప్పింది 9 సార్లు, పోయినవి 9 కుట్లు. అంటే తిప్పిన ప్రతిసారీ ఖచ్చితంగా ఒకటి పోతోంది. పరధ్యానంలో వదిలేసిన కుట్లయితే ఒక వరసలో రెండు పోతాయి, ఒక వరసలో అసలు పోవు, ఇంత క్రమంగా పోవు. కాబట్టి మధ్యలో వెతకడం ఆపి అంచుల దగ్గర చూడండి.

డబుల్ వరస మొదట్లో మూడు చైన్లు వేస్తున్నారు కదా, ఆ మూడూ కలిపి ఒక డబుల్ కింద లెక్క. అది ఇప్పటికే ఆ వరసలో మొదటి కుట్టు అయిపోయింది కాబట్టి దాని అడుగున ఉన్న కుట్టులో మళ్ళీ గుచ్చకూడదు, దాని పక్కదాంట్లో గుచ్చాలి. ఈ భాగం మీరు సరిగ్గానే చేస్తున్నారు. తప్పుతున్నది వరస చివర. కింది వరస మొదట్లో వేసిన మూడు చైన్లు ఇప్పుడు మీకు చివరకి వస్తాయి. వాటి తలమీద, అంటే మూడో చైన్‌లో, ఒక డబుల్ వేయాలి. అది వేయకుండా తిప్పేస్తున్నారు. ఆ పోయే కుట్టు ఇదే.

అది కుట్టులా కనిపించదు కాబట్టే చాలామంది అక్కడే ఆగిపోతారు. గుడ్డని చేతిలోకి తీసుకుని చివర జాగ్రత్తగా చూడండి. ఆఖరి డబుల్ పక్కన సన్నగా, కొంచెం వెనక్కి తిరిగినట్టు ఒక చిన్న గొలుసు నిలబడి ఉంటుంది. మిగతా కుట్ల తలమీద ఇంగ్లీషు 'వి' అక్షరం పడుకున్నట్టు రెండు పోగులు చక్కగా మీకు ఎదురుగా కనిపిస్తాయి, దీని తల మాత్రం పక్కకి తిరిగిపోయి ఉంటుంది. బొటనవేలి గోరుతో దాన్ని కొద్దిగా మీ వైపు తిప్పండి, రెండు పోగులూ బయటపడతాయి. అక్కడ గుచ్చండి. ఇక ముందు ఏ వరసలోనైనా మూడు చైన్లు వేయగానే ఆ మూడో దాంట్లో ఒక పిన్నీసు పెట్టేయండి, తిరిగి ఆ చివరికి వచ్చేటప్పటికి ఎక్కడ గుచ్చాలో పిన్నీసే చూపిస్తుంది. దుకాణంలో దొరికే ప్లాస్టిక్ మార్కర్లు ఉంటే సరే, లేకపోతే ఇంట్లో పిన్నీసు చాలు.

ఇదే చోట జరిగే మిగతా తప్పులు కూడా చెప్తాను, ఎప్పుడో అప్పుడు పనికొస్తుంది. మూడు చైన్లనీ కుట్టుగా లెక్కపెడుతూనే దాని అడుగున ఉన్న కుట్టులోనూ ఒక డబుల్ వేస్తే వరసకి ఒకటి పెరిగి గుడ్డ వెడల్పవుతూ పోతుంది. మొదట్లో ఒకటి ఎక్కువ వేసి చివర ఒకటి వదిలేస్తే ఇంకా చిక్కు, ఎందుకంటే లెక్క ఎప్పుడు చూసినా 100 ఉంటుంది, అంచు మాత్రం ఒక వరసలో బయటికి, ఒక వరసలో లోపలికి పోతుంది. అందుకని లెక్క సరిపోయినంత మాత్రాన వదిలేయకండి, అంచు మీద వేలు పెట్టి పైనుంచి కిందికి ఒకసారి జార్చి చూడండి.

ఈ మూడు చైన్ల పద్ధతిలో అంచు దగ్గర చిన్న సందు కూడా ఉంటుంది, అది తప్పు కాదు, చైన్ డబుల్ కంటే సన్నం కాబట్టి అలా వస్తుంది. అది నచ్చకపోతే రెండు చైన్లే వేసి, వాటిని అసలు లెక్కలోకి తీసుకోకుండా, మొదటి కుట్టులోనే మొదటి డబుల్ వేయండి, చివర కూడా ఆ చైన్‌ని పట్టించుకోకుండా ఆఖరి నిజమైన డబుల్ మీద ఆపేయండి. కొత్తవాళ్ళకి నేను ఎప్పుడూ ఈ పద్ధతే చెప్తాను, వెతుక్కునే పని ఉండదు, అంచు కూడా తిన్నగా వస్తుంది. ఏదో ఒకటే పట్టుకోండి, ఒకే గుడ్డలో రెండూ కలపకండి.

విప్పడం గురించి. పైన కుట్లు పెంచితే 100 అవుతాయి, కానీ కింద సన్నబడిన భాగం సన్నగానే ఉంటుంది, గుడ్డ నడుము దగ్గర నొక్కినట్టు తయారవుతుంది. విప్పేయండి. మొదటి మలుపులోనే మొదటి కుట్టు పోయింది కాబట్టి మొదటి వరస దాకా విప్పాలి. క్రోషేలో ఎప్పుడూ సూది మీద ఒకటే లూప్ మిగులుతుంది కాబట్టి విప్పినా మిగతావి జారిపోతాయన్న భయం లేదు, దారం పట్టుకుని లాగితే వరస వరసగా వస్తుంది, కావలసిన చోట ఆపి సూది మళ్ళీ దూర్చుకోవచ్చు. విప్పిన ఊలు నూడుల్స్‌లా మెలికలు పడి ఉంటుంది, వదులుగా ఉండ చుట్టి మళ్ళీ అల్లేయండి, అల్లికలో ఆ మెలికలు సర్దుకుంటాయి.

గోదారి_లేసు:

అమ్మాయీ, పై ఆయన అంచు సంగతి బాగా చెప్పారు, నేను బిగుతు సంగతి చెప్తాను.

మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మా వైపు లేసు అల్లని ఇల్లు తక్కువ. 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకి నేర్పారని చెప్తారు, 2024లో నరసాపురం లేసుకి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. మీరు ఊలుతో అల్లే చైన్, సింగిల్, డబుల్ ఏవో ఇక్కడ నూలు దారంతో అల్లేవీ అవే, సూది సన్నం, దారం సన్నం, అంతే తేడా. మా దగ్గర ఒకరు పూలు అల్లుతారు, ఇంకొకరు వాటిని కలుపుతారు, ఆ కలపడాన్ని అతుకుపని అంటాం. పది ఇళ్ళలో పది మంది అల్లిన పూలు ఒకే టేబుల్ క్లాత్‌లో కూర్చోవాలి. ఒకామె బిగించి అల్లి ఇంకొకామె వదులుగా అల్లితే పూలు సైజు కలవవు, అతికాక గుడ్డ ముడుచుకుపోతుంది. అందుకే మా ఇళ్ళల్లో పిల్లలకి ముందు నేర్పేది డిజైన్ కాదు, చెయ్యి సమానంగా ఆడటం.

నీ చైన్ ఎందుకు బిగుస్తోందో చూసుకోవాలంటే సూదినే చూడు. కొక్కెం కింద సూది కొంచెం సన్నంగా ఉంటుంది, ఆ తరవాత అసలు లావు మొదలవుతుంది, 4 ఎంఎం అని రాసేది ఆ లావుకే. లూప్ ఎప్పుడూ ఆ లావు భాగం మీదికి జరగాలి. కొక్కెం పక్కన సన్నం దగ్గరే లూప్ ఉంచి తరవాతి చైన్ లాగేస్తే సూది 4 ఎంఎందే గానీ నీ చైన్ 3 ఎంఎం సూదితో అల్లినట్టు వస్తుంది. ఇంకో అలవాటు కూడా ఉంటుంది చాలామందికి, కుట్టు అయ్యాక "గట్టిగా ఉండాలి" అని దారాన్ని ఒక్క లాగు లాగుతారు. అది మానెయ్. మిషన్ కుట్టే చేతికి అది ఇంకా ఎక్కువగా ఉంటుంది, దారం బిగించడం అలవాటు కదా.

ఉండ వైపు నుంచి వచ్చే దారం ఎడమ చేతి చిటికెన వేలికి ఒక చుట్టు వేసి, మిగతా వేళ్ళ కింద నుంచి తెచ్చి, చూపుడువేలి మీదుగా సూదికి అందేట్టు పెట్టుకో. బిగుతు ఎంతో చెప్పేది ఆ చిటికెన వేలే. జారిపోతుంటే రెండు చుట్లు వెయ్, పట్టేస్తుంటే చుట్టు తీసెయ్. ఎండాకాలం అరచేయి చెమట పట్టి దారం కదలదు, పక్కన పొడి గుడ్డ పెట్టుకుని మధ్యమధ్యలో తుడుచుకుంటూ ఉండు.

ఇప్పటికిప్పుడు పని జరగాలంటే సులువు దారి, మొదటి చైన్ వరస ఒక్కటీ 5 ఎంఎం సూదితో వేసి, తరవాత 4 ఎంఎంతో అల్లుకో. కింది అంచు వంపు తిరగదు. నీ గుడ్డలో ఆ వంపు పైన సరిచేస్తే పోయేది కాదు, చైన్ బిగుసుకుపోయాక దాన్ని సాగదీయలేవు. ఎలాగూ మొదటి వరస దాకా విప్పుతున్నావు కదా, ఆ ఒక్క వరస కూడా విప్పి చైన్ నుంచి మొదలుపెట్టు.

ఇక ఆ గీత. కుట్టు తలమీద రెండు పోగులు ఉంటాయి, రెండింటి కిందుగా సూది పోవాలి. నువ్వు కొన్ని వరసల్లో వెనక పోగు కిందే గుచ్చావు, ముందు పోగు బయట మిగిలిపోయి అడ్డంగా గీతలా పడింది. ఆ వరసల్లో గుడ్డ వదులుగా కూడా ఉంటుంది, పట్టుకుని చూడు. కావాలని అలా అల్లే డిజైన్లూ ఉన్నాయి, స్వెట్టర్ చేతుల పట్టీలకి బాగుంటుంది, కానీ దుప్పటంతా ఒకేలా ఉండాలంటే రెండు పోగులూ పట్టుకోవాలి. గుచ్చాక సూది కొన మీద ఎన్ని పోగులు ఉన్నాయో చూసి అప్పుడు దారం లాగు, కొన్నాళ్ళకి వేలికే తెలిసిపోతుంది.

ఊలు_ఉండ (డల్లాస్):

మీ అత్తయ్యగారి పుస్తకం తప్పూ కాదు, మీ డబుల్ తప్పూ కాదు. కుట్ల పేర్లు అమెరికాలో ఒకలా, బ్రిటన్‌లో ఒకలా ఉంటాయి. మన దేశంలో పాత దారం కంపెనీల పుస్తకాలు ఎక్కువగా బ్రిటిష్ పద్ధతిలో ఉండేవి, ఇప్పటి వీడియోలు దాదాపు అమెరికన్ పద్ధతి. అమెరికన్ సింగిల్‌ని బ్రిటిష్ పుస్తకాల్లో డబుల్ అంటారు, అమెరికన్ డబుల్‌ని అక్కడ ట్రెబుల్ అంటారు. పుస్తకంలో ఎక్కడైనా సింగిల్ క్రోషే అనే మాట కనబడితే అది అమెరికన్ అని దాదాపు నిశ్చయంగా చెప్పొచ్చు. మొత్తం పుస్తకంలో సింగిల్ అనేదే లేకుండా డబుల్, ట్రెబుల్ మాత్రమే ఉంటే బ్రిటిష్. మీ అంచు డిజైన్‌లో డబుల్ అన్న చోటల్లా మీరు సింగిల్ వేయండి, ట్రెబుల్ అన్న చోట మీకు వచ్చిన డబుల్ వేయండి, బొమ్మలో ఉన్నట్టే వస్తుంది.

పేర్ల గొడవ లేకుండా కుట్టుని లూపులతో గుర్తుపెట్టుకోవడం మేలు. నేను అన్నీ అమెరికన్ పేర్లతోనే రాస్తున్నాను. సింగిల్‌కి ముందుగా దారం చుట్టుకోవడం ఉండదు, నేరుగా గుచ్చి దారం లాగితే సూది మీద రెండు లూపులు, మళ్ళీ దారం అందుకుని రెండింటిలోంచీ లాగేయడమే. డబుల్‌కి గుచ్చకముందే సూదికి దారం ఒకసారి చుట్టుకుంటాం, గుచ్చి లాగితే మూడు లూపులు, రెండింటిలోంచి ఒకసారి, మిగిలిన రెండింటిలోంచి ఇంకోసారి లాగుతాం. ట్రెబుల్‌కి రెండుసార్లు చుట్టు, నాలుగు లూపులు, రెండేసి చొప్పున మూడు లాగుళ్ళు. ఎత్తు పెరిగేకొద్దీ వరస మొదట్లో వేసే చైన్లు కూడా పెరుగుతాయి, సింగిల్‌కి 1, డబుల్‌కి 3, ట్రెబుల్‌కి 4. సింగిల్‌కి వేసే ఆ ఒక్క చైన్‌ని మాత్రం మామూలుగా కుట్టు కింద లెక్కపెట్టరు, మొదటి కుట్టులోనే మొదటి సింగిల్ వేయాలి. డబుల్‌కి నేర్చుకున్న లెక్క సింగిల్‌కి వాడితే మళ్ళీ వరసకో కుట్టు పోతుంది, అందుకే చెప్తున్నాను.

ఒక మాట, పసిపిల్లల దుప్పటి అన్నారు కాబట్టి. డబుల్ అల్లికలో సందులు ఎక్కువ, చిన్న వేళ్ళు, కాలివేళ్ళు వాటిలో ఇరుక్కుంటాయి. కుచ్చులు, పూసలు అసలు పెట్టకండి. వీలైతే హాఫ్ డబుల్‌తో అల్లండి, దగ్గరగా వస్తుంది, మరీ గట్టిగానూ ఉండదు.

అల్లిక_మొదలు:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. హాఫ్ డబుల్ అంటే డబుల్‌ని సగంలో ఆపేయడమేనా? నేను వేస్తే కుట్టు వంకరగా పడుకుంటోంది, మూడు లూపుల్లోంచి ఒకేసారి లాగేటప్పుడు సూది ఇరుక్కుపోతోంది.

ఊలు_ఉండ (డల్లాస్):

మొదలు డబుల్ లాగే, దారం చుట్టుకుని గుచ్చి లాగితే మూడు లూపులు, అప్పుడు దారం అందుకుని మూడింటిలోంచీ ఒకే లాగులో బయటికి. ఇరుక్కుంటోందంటే కుట్టులోంచి దారం లాగినప్పుడు ఆ లూప్‌ని పొట్టిగా వదిలేస్తున్నారు. దాన్ని సూది లావు దాకా, అవసరమైతే ఇంకో ఇసుమంత పైకి లాగండి, తరవాత కొక్కెం మొహం కిందికి తిప్పి లాగితే మూడు లూపుల్లోంచీ మెత్తగా వచ్చేస్తుంది. కొక్కెం మీ వైపో పైకో చూస్తూ ఉంటే ప్రతి పోగునీ తగులుకుంటుంది. కుట్టు కొద్దిగా వాలడం హాఫ్ డబుల్ స్వభావం, అన్నీ ఒకే వైపు ఒకేలా వాలితే చాలు.

కొత్త_సూది:

అందరికీ, ముఖ్యంగా గోదారి_లేసు పిన్నిగారికి, చాలా థాంక్స్. ధైర్యం చేసి మొత్తం విప్పేశాను. 5 ఎంఎం సూది కొని చైన్ దాంతో వేశాను, తేడా మొదటి వరసలోనే తెలిసింది, సూది చక్కగా దూరుతోంది. డబుల్ వదిలేసి హాఫ్ డబుల్‌లోకి మారాను. రెండు చైన్లు వేసి లెక్కలోకి తీసుకోకుండా మొదటి కుట్టులోనే మొదలుపెడుతున్నాను. ఇప్పటికి ఎన్ని వరసలు చూసినా 100కి 100 ఉన్నాయి, అంచు తిన్నగా నిలబడింది. కింది వంపు కూడా లేదు.

దుప్పటి మధ్యలో విసుగొచ్చినప్పుడు చెయ్యి మారుద్దామని వేడి గిన్నెల కింద పెట్టుకునే గుండ్రటి మ్యాట్లు మొదలుపెట్టాను, అదే ఊలుతో, సింగిల్ క్రోషేతో. నాలుగో చుట్టు దాకా బల్లపరుపుగానే ఉంది, ఆ తరవాత గిన్నెలా లేచిపోతోంది. ఇంకోటి మొదలుపెట్టి ఎక్కువ కుట్లు పెంచితే ఈసారి అంచంతా కుచ్చిళ్ళు పడింది. దీనికీ ఏదో లెక్క ఉండే ఉంటుంది.

లెక్కల_అల్లిక:

ఉంది. ముందు లెక్క కంటే అవసరమైన మాట. వేడి గిన్నెల కింద అక్రిలిక్ ఊలు పెట్టకండి. అది ప్లాస్టిక్ జాతిదే, పొయ్యి మీంచి దించిన గిన్నె పెడితే మెత్తబడి కరిగి అంటుకుపోవచ్చు. వేడి తగిలేవాటికి నూలు దారమే వాడాలి, అదీ పల్చగా కాకుండా రెండు పొరలుగా అల్లితే మంచిది. ఇప్పుడు అల్లినవి టీపాయ్ మీద పూలకుండీ కింద పెట్టుకోండి.

సింగిల్‌తో గుండ్రంగా అల్లేటప్పుడు మధ్యలో 6 కుట్లతో మొదలుపెడితే ప్రతి చుట్టుకీ 6 కుట్లు పెరగాలి. 6, 12, 18, 24, 30. హాఫ్ డబుల్ అయితే మామూలుగా 8, డబుల్ అయితే 12, కుట్టు ఎత్తు పెరిగితే చుట్టు వెడల్పు పెరుగుతుంది, అందుకని ఎక్కువ కుట్లు పడతాయి. పెంచడమంటే ఒకే కుట్టులో రెండు వేయడం. రెండో చుట్టులో ప్రతి కుట్టులో రెండేసి, మూడో చుట్టులో ఒకటి మామూలు, ఒకటి పెంపు, నాలుగో చుట్టులో రెండు మామూలు, ఒకటి పెంపు, అయిదులో మూడు మామూలు, ఒకటి పెంపు. మీకు నాలుగు దాకా బాగుండి అయిదులో లేచిందంటే అక్కడ పెంచడం మానేశారు, లేదా నాలుగో చుట్టు మొదలు ఎక్కడో తెలియక ఒక పెంపు వదిలేశారు. గిన్నెలా లేస్తే కుట్లు చాలలేదని, కుచ్చిళ్ళు పడితే ఎక్కువయ్యాయని. అలా కనబడగానే ఇంకో చుట్టులో సర్దుకుంటుందని ముందుకి పోకండి, ఆ చుట్టు కుట్లు లెక్కపెట్టండి, 30 ఉండాల్సిన చోట 27 ఉంటే ఆ చుట్టు ఒక్కటే విప్పితే సరిపోతుంది.

చుట్టు ఎక్కడ మొదలైందో తెలియడానికి మొదటి కుట్టులో పిన్నీసు పెట్టి, ప్రతి చుట్టుకీ దాన్ని పైకి మారుస్తూ పోవాలి. సింగిల్‌తో ఆపకుండా సుడిలా అల్లేవాళ్ళకి పిన్నీసు లేకపోతే ఇక లెక్క దొరకదు. ఇంకొకటి, పెంపులు ప్రతి చుట్టులో ఒకదాని మీద ఒకటే పడుతుంటే గుండ్రం కాస్తా ఆరు మూలలుగా తేలుతుంది. చుట్టు మార్చి చుట్టు పెంపు చోటు కొంచెం జరపండి, ఉదాహరణకి ఆరో చుట్టులో నాలుగు మామూలు, ఒకటి పెంపు అనే బదులు రెండు మామూలు, ఒక పెంపు, మళ్ళీ రెండు మామూలు అని ఆరుసార్లు అల్లండి, లెక్క 36కే వస్తుంది, మూలలు కనబడవు.

కొత్త_సూది:

పిన్నీసు పెట్టి అల్లాను, బల్లపరుపుగా వచ్చింది! నూలు దారం కూడా తెచ్చుకున్నాను. దుప్పటికి ఇంకో రెండు సందేహాలు. ఉండ అయిపోతే కొత్తది ఎలా కలపాలి, ముడి వేసేయొచ్చా? అయ్యాక ఇస్త్రీ చేస్తే ఇంకా నున్నగా వస్తుందా? ఎన్ని ఉండలు కొనాలో కూడా తెలియడం లేదు.

గోదారి_లేసు:

ముడి వెయ్యకు. ఊలు ముడి ఉతుకులో జారిపోతుంది, జారకపోతే బిడ్డ ఒంటికి గుచ్చుకుంటుంది. పాత దారం ఇంకా జానెడు ఉండగానే ఆపు. ఒక కుట్టు వెయ్, దాని ఆఖరి లాగు మాత్రం కొత్త దారంతో లాగు, హాఫ్ డబుల్ అయితే మూడు లూపుల్లోంచీ లాగేటప్పుడే కొత్త దారం అందుకో. తరవాతి కుట్టు కొత్త దారంతో మొదలవుతుంది, రంగు మార్చాలన్నా ఇదే పద్ధతి. రెండు కొసలూ ఆరు అంగుళాలు వదిలి, చివర్లో పెద్ద కన్ను ఉన్న, మొన లేని సూదికి ఎక్కించి కుట్ల లోపలి నుంచి ఒక వైపుకి తీసుకెళ్ళి, ఒక పోగు వదిలి మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి తిప్పు. ఒకే వైపుకి లాగి కత్తిరిస్తే నాలుగు ఉతుకులకి కొస బయటికొస్తుంది.

ఇస్త్రీ పెట్టె అక్రిలిక్ మీద ఆనించావా, పని అయిపోయినట్టే, అల్లిక చచ్చుబడి పల్చగా వేలాడిపోతుంది, మళ్ళీ పాత రూపానికి రాదు. చల్లటి నీళ్ళల్లో ముంచి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, పరుపు మీద పొడి దుప్పటి వేసి దాని మీద కావలసిన కొలతకి సర్ది నాలుగు వైపులా పిన్నీసులు పెట్టి ఆరనివ్వు. నూలు లేసు సంగతి వేరు, దాన్ని పల్చటి గంజిలో ముంచి పరిచి ఆరబెడితే ఆకారం నిలబడుతుంది, తడిగా ఉండగా ఇస్త్రీ కూడా చెయ్యొచ్చు.

లెక్కల_అల్లిక:

ఉండల లెక్క వంటింటి త్రాసుతో తేలిపోతుంది. ఉండని తూచి రాసుకోండి, పది వరసలు అల్లాక మళ్ళీ తూచండి. పది వరసలకి 35 గ్రాములు పట్టిందనుకుందాం, మీకు మొత్తం 80 వరసలు కావాలంటే 280 గ్రాములు, అంచు డిజైన్‌కి ఇంకో 50 వేసుకోండి. అన్నీ ఒకేసారి కొనండి, లేబుల్ మీద లాట్ నంబర్ (ఒకేసారి రంగు వేసిన ఊలుకి ఇచ్చే నంబర్) ఒకటే ఉందో లేదో చూసుకోండి. రంగు పేరు ఒకటే అయినా లాట్ మారితే వెలుతురులో సగం దుప్పటి ఒక ఛాయ, సగం ఇంకో ఛాయగా కనబడుతుంది.

అల్లిక_మొదలు:

చివరగా ఒకటి అడగనివ్వండి. మా అమ్మాయి ఎడమచేతి వాటం, నా పక్కన కూర్చుని చూస్తే దానికి అర్థం కావడం లేదు. ఎలా నేర్పాలి?

ఊలు_ఉండ (డల్లాస్):

పక్కన కాకుండా ఎదురుగా కూర్చోబెట్టండి, మీ కుడి చెయ్యి తనకి అద్దంలో తన ఎడమ చెయ్యిలా కనిపిస్తుంది, మీరు చేసినట్టే చేస్తే చాలు. వీడియో అయితే ఎడిటింగ్ యాప్‌లో కుడి ఎడమలు తిప్పి పెట్టండి, ఎడమచేతివాళ్ళ కోసం తీసిన వీడియోలు కూడా ఉన్నాయి. వరస కుడి నుంచి ఎడమకి కాకుండా ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, అంతే తేడా, మిగతా లెక్కలన్నీ పైన రాసినవే. రాతలో ఉన్న డిజైన్లు మార్చకుండా అలాగే అల్లొచ్చు, అక్షరాలు, బొమ్మలు వచ్చే గళ్ళ చార్టులు మాత్రం తిరగబడి వస్తాయి కాబట్టి వాటిని ఫోన్‌లో అద్దంలా తిప్పుకుని ఇవ్వండి.